గలత్‌నామా సహీహ్, కితాబే వేరు

మా భాయ్‌జాన్‌కి రియాద్‌లో ఈసారి ఇరవై ఒక్క రోజుల ఛుట్టీ దొరికింది. అందులో తొమ్మిది రాత్రులు మేమిద్దరం నిద్ర మానుకుని ఒక పాత వీడియో గేమ్ ఫైల్‌కి పాచ్ వేస్తూ కూర్చున్నాం. భాబీజాన్ గుమ్మంలో నిలబడి గుస్సాగా చూసి వెళ్ళేది. పిల్లలు నవ్వేవాళ్ళు. చివరికి ఆట నడవలేదు. ఛుట్టీ అయిపోయింది, భాయ్‌జాన్ ఫ్లైట్ ఎక్కేశాడు. ఎందుకు నడవలేదో తెలుసుకోవడానికి నాకు ఇంకో రెండు నెలలు పట్టింది. ఆ ఖిస్సా, దాని వెనకున్న తారీఖ్ రెండూ కలిపి రాస్తున్నాను. అల్మారా మీద పాత క్యాసెట్ల డబ్బా ఇంకా దాచుకున్నవాళ్ళకు పనికొస్తుంది.

1996లో నాకు పదకొండేళ్ళు, భాయ్‌జాన్‌కి పద్నాలుగు. అద్దంకి బస్టాండు దగ్గర ఒక చిన్న గదిలో రెండు టీవీలు పెట్టి, గంటకింత అని తీసుకుని వీడియో గేములు ఆడించేవాళ్ళు. మిరప కల్లాల రోజుల్లో తాలుకాయలు ఏరడానికి వెళ్తే వచ్చే పైసల్లో సగం అమ్మీకి, సగం ఆ గదికి. వేళ్ళకంటిన ఘాటుతో కళ్ళు నలుపుకుని, నీళ్ళు కారుతుండగానే కాంట్రా ఆడిన రోజులున్నాయి.

ఆ గదిలో ఉన్న మెషీన్లకు ఏ పేరు రాసి ఉన్నా లోపలి సంగతి ఒకటే. జపాన్‌లో నింటెండో కంపెనీ 1983 జూలైలో ఫామికామ్ అనే మెషీన్ అమ్మకానికి పెట్టింది. దాన్ని చూసి తయారైన నకలు మెషీన్లే మన బజార్లకు వచ్చాయి. 60 పిన్నుల క్యాసెట్, వెనక టీవీకి వెళ్ళే వైరు, వైర్లు తెగిపోయే రెండు రిమోట్లు. క్యాసెట్ల మీద లక్షల ఆటలున్నాయని అంకె వేసి ఉండేది. లెక్కపెడితే పదో, ఇరవయ్యో. మిగతావన్నీ అవే ఆటలు, పేర్లు మార్చి పెట్టినవి. మాకు అదేమీ ధోఖా అనిపించలేదు. అసలంటే ఏమిటో చూస్తే కదా నకలంటే తెలిసేది!

ఆ ఏడాది షార్జా నుంచి వచ్చిన మామూజాన్ మాకొక మెషీన్, దాంతోపాటు ఒకే ఒక్క ఆట ఉన్న క్యాసెట్ తెచ్చారు. అదే ఫైనల్ ఫాంటసీ 3. స్క్వేర్ కంపెనీ 1990 ఏప్రిల్‌లో ఫామికామ్ కోసం తెచ్చిన ఆట. కాల్చుకుంటూ, దూకుకుంటూ వెళ్ళేది కాదు. నలుగురు యతీమ్ పిల్లలు భూకంపంలో ఒక గుహలో పడిపోతారు. అక్కడి నుంచి ఊరూరా తిరుగుతూ, కనిపించిన ప్రతి మనిషితో మాట్లాడుతూ, ఎటు వెళ్ళాలో తెలుసుకుంటూ పోవాలి. అంతా జపనీస్ లిపిలోనే. క్యాసెట్‌లో చిన్న బ్యాటరీ ఉండటంతో ఆడినంతవరకు ఆట అందులో నిలిచి ఉండేది. మా మొహల్లాలో మరెవరి దగ్గరా అలాంటిది లేదు.

గుహ దాటాం, మొదటి ఊరు దాటాం. తర్వాత కాజస్ అనే ఊరొచ్చింది. అక్కడ మనుషులంతా నీడల్లా ఉన్నారు. వాళ్ళు చెప్పేది మాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. భాయ్‌జాన్ ఒక నోట్‌బుక్‌లో ఆ అక్షరాల బొమ్మలు గీసుకునేవాడు, ఎప్పటికైనా చదివేవాళ్ళు దొరుకుతారని. నాలుగు నెలలు ఆ ఊరి చుట్టూ తిరిగి, చచ్చి, మళ్ళీ మొదలెట్టి, చివరికి క్యాసెట్‌ని డబ్బాలో పెట్టేశాం. ఆ నీడలు ఎవరో, ఏమన్నారో అన్న ఉత్సుకత మాత్రం డబ్బాలోకి వెళ్ళలేదు. పెళ్ళిళ్ళకి కలిసినా, జనాజాలకు కలిసినా భాయ్‌జాన్ ఒక్కసారైనా అడిగేవాడు: "ఆ ఊరు యాదుందా రే?"

మాలాంటి బేచైనీ ప్రపంచంలో చాలామందికి ఉండేదని తర్వాత తెలిసింది. జపాన్‌లో వచ్చిన ఆటలన్నీ ఇంగ్లీషులోకి వచ్చేవి కావు. కంపెనీలు లాభం చూసుకునేవి. అందుకని షౌకీన్లు తామే తరజుమా చేయడం మొదలుపెట్టారు. 1993లోనే ఒయాసిస్ అనే బృందం ఎంఎస్‌ఎక్స్ కంప్యూటర్‌లో నడిచే ఎస్‌డీ స్నాచర్ అనే ఆటను ఇంగ్లీషులోకి మార్చింది. 1997 ప్రాంతంలో పాత మెషీన్లను కంప్యూటర్ లోపలే నడిపించే ఎమ్యులేటర్లు మెరుగుపడటంతో ఈ పని ఊపందుకుంది. 1992 నాటి ఫైనల్ ఫాంటసీ 5కి ఆర్‌పీజీఈ బృందం చేసిన ఇంగ్లీషు తరజుమా 1998 నాటికి చేతికొచ్చింది. కంపెనీ సొంత ఇంగ్లీషు ఆట వచ్చింది 1999లో. 1995 నాటి సెయికెన్ డెన్సెట్సు 3కి షౌకీన్ల తరజుమా 2000లో వస్తే, అధికారికంగా ఇంగ్లీషు రావడానికి 2019 దాకా ఇంతెజార్ చేయాల్సి వచ్చింది. జపాన్‌లో 2006లో వచ్చిన మదర్ 3 సంగతి ఇంకా విచిత్రం. క్లైడ్ మాండెలిన్ అనే వృత్తి అనువాదకుడు ముందుండి నడిపించిన బృందం 2008 అక్టోబరులో దాని తరజుమా పూర్తిచేసి, కావాలంటే ఉచితంగా వాడుకోమని నింటెండోకే ఇవ్వజూపింది. ఆ ఆట ఇప్పటికీ అధికారికంగా ఇంగ్లీషులో రాలేదు.

మా ఫైనల్ ఫాంటసీ 3కి కూడా 1999లోనే షౌకీన్ల ఇంగ్లీషు తరజుమా వచ్చేసింది. కంపెనీ దాన్ని కొత్త బొమ్మలతో మళ్ళీ తయారుచేసి ఇంగ్లీషులో అమ్మింది 2006లో. అంటే మేం డబ్బా మూసిన మూడేళ్ళకే ఆ నీడల మాటలకు అర్థం తయారై ఉంది. అద్దంకిలో మాకు ఖబర్ అందలేదు, అంతే.

ఈ తరజుమా చేసినవాళ్ళు ఆట మొత్తాన్ని పంచిపెట్టరు. ఆట కంపెనీది. వాళ్ళు ఇచ్చేది తాము మార్చిన ముక్కలు మాత్రమే ఉన్న చిన్న ఫైల్. దాన్నే పాచ్ అంటారు. ఆట ఎవరి దగ్గరుందో వాళ్ళు దానికి ఈ పాచ్ వేసుకోవాలి. తరజుమా హక్కు కూడా కంపెనీదే కాబట్టి కానూను ప్రకారం ఇది పూర్తిగా పాక్-సాఫ్ దారి అని నేననను. కానీ వేరేవాళ్ళ సొత్తును మూటగట్టి పంచకూడదన్న లిహాజ్ ఆ పద్ధతిలో ఉంది. ఆ లిహాజ్ వల్లే మా తిప్పలన్నీ మొదలయ్యాయి.

ఛుట్టీలో మా ఆపా కొడుకు గుంటూరు నుంచి వచ్చాడు. ఇంజనీరింగ్ చదువుతున్నాడు. క్యాసెట్ గుచ్చితే అందులోని ఆటను కంప్యూటర్‌లోకి చదివే చిన్న పరికరం వాడి దగ్గరుంది. డబ్బా దించాం, పిన్నులు తుడిచాం, ఆట ఫైల్‌గా మారింది. పాచ్ కూడా తెచ్చుకున్నాం. భాయ్‌జాన్ దాని మీద రెండుసార్లు నొక్కాడు. ఏమీ కాలేదు. పాచ్ దానంతటది తెరుచుకునే వస్తువు కాదని, వేయడానికి వేరే ప్రోగ్రాం కావాలని తెలియడానికే మొదటి రాత్రి సరిపోయింది.

రెండో రాత్రి ప్రోగ్రాం దొరికింది. ఆట చూపించాం, పాచ్ చూపించాం, పని అయిందని చెప్పింది. భాయ్‌జాన్ "మాషాఅల్లా" అన్నాడు. ఆట తెరిస్తే నల్లటి తెర. మళ్ళీ వేశాం. ఈసారి వేసినదాని మీదే వేశామని అప్పుడు తెలియదు. పరదా నల్లగానే ఉంది.

ఇక్కడ ఆ పాచ్ ఎలా పనిచేస్తుందో చెప్పాలి. దాని పేరు ఐపీఎస్. అబ్బా ఆ మాట విని "ఐపీఎస్ అంటే పోలీసు అఫ్సర్ కదా, మీ గేములో ఆయనకేం పని?" అన్నారు. ఈ ఐపీఎస్ చాలా సాదా మనిషి. ఫైల్ మొదట్లో పాచ్ అన్న ఐదు ఇంగ్లీషు అక్షరాలు, చివర ఈ, ఓ, ఎఫ్ అన్న మూడక్షరాలు. మధ్యలో ఉన్నదంతా ఒకే రకం హుకుం: ఫలానా చోటికి వెళ్ళు, అక్కడున్నది తీసి ఇది పెట్టు. చోటు చెప్పడానికి మూడు బైట్లు, ఎంత పొడవో చెప్పడానికి రెండు బైట్లు. అక్కడ ముందు ఏముందో అది అడగదు. తన ముందు పెట్టింది ఆట ఫైలా, పెళ్ళి ఫోటోనా అన్నది కూడా చూడదు. చెప్పిన చోట చెప్పింది రాసేసి, పని అయిందంటుంది.

మా ఫైల్ 524,288 బైట్లు. కానీ ఎమ్యులేటర్ల లోకంలో ఫామికామ్ ఆటల ముందు 16 బైట్ల చిన్న తలకట్టు పెట్టే రివాజు ఉంది. లోపల ఎలాంటి క్యాసెట్ ఉందో మెషీన్‌కు చెప్పే చిట్టీ అది. పాచ్ చేసినవాళ్ళు ఆ తలకట్టుతో సహా, అంటే 524,304 బైట్ల ఫైల్‌ని లెక్కలో పెట్టుకున్నారు. మాది తలకట్టు లేకుండా చదివిన ఫైల్. దాంతో ప్రతి మార్పూ 16 గళ్ళు పక్కకి పడింది. ఇది కనిపెట్టడానికి నాలుగు రాత్రులు.

ఈ బాధ మాదొక్కరిదే కాదు. సూపర్ ఫామికామ్ ఆటలతో ఇంకా ఎక్కువ. 1990ల్లో ఆ క్యాసెట్లను ఫ్లాపీల్లోకి ఎక్కించే పరికరాలు ఉండేవి. అవి తమ సౌకర్యం కోసం ప్రతి ఫైల్ ముందు 512 బైట్లు చేర్చేవి. కిరాణా కొట్టువాడు బియ్యంతోపాటు చిట్టీని కూడా తూకం వేసినట్టు, ఆ 512 బైట్లూ ఆటలో భాగంలా తిరిగాయి. కొన్ని పాచ్‌లు అది ఉన్న ఫైల్‌కి, కొన్ని లేని ఫైల్‌కి తయారయ్యాయి. ఫైల్ సైజుని 1024తో భాగిస్తే 512 మిగిలిందంటే ఆ చిట్టీ ఉన్నట్టు. నింటెండో 64 ఆటలకైతే బైట్ల వరసే మూడు రకాలు. ఆట అదే, కానీ జతలు తారుమారై ఉంటాయి.

ఏడో రాత్రి తలకట్టు పెట్టి, తాజా ఫైల్‌కి పాచ్ వేశాం. తెర మీద ఇంగ్లీషు అక్షరాలు వచ్చాయి! భాయ్‌జాన్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. నలుగురు యతీమ్ పిల్లలు మాట్లాడుతున్నారు. ఇరవై ఏళ్ళకు పైగా మూగగా ఉన్నవాళ్ళు. గుహ దాటాం, మొదటి ఊరు దాటాం, తెల్లవారుజామున కాజస్ చేరాం. మొదటి నీడ దగ్గరికి వెళ్ళి బటన్ నొక్కాడు. మాటల గడి తెరుచుకుంది. అందులో సగం గీతలు, సగం చుక్కలు. ఆట బిగుసుకుపోయింది. ఎనిమిదో రాత్రి మళ్ళీ మొదలుపెట్టాం, అక్కడే ఆగింది. తొమ్మిదో రాత్రి కూడా. మర్నాడు హైదరాబాద్ నుంచి ఆయన ఫ్లైట్.

వెళ్తూ వెళ్తూ నవ్వడానికి చూశాడు. "ఆ ఊరి నసీబే అంతలే" అన్నాడు. నాకు మాత్రం ఆ పాచ్ చేసినవాళ్ళ మీద పట్టరాని కోపం వచ్చింది. సగం పని చేసి జనం మీదకి వదిలేశారని వారం రోజులు తిట్టుకున్నాను.

ఒకరోజు అసర్ తర్వాత అబ్బా అడిగారు, "కైకు హైరాన్ హోరా?" అని. ఆయన ఉర్దూ మాస్టారుగా రిటైరయ్యారు. కంప్యూటర్ సంగతులు తెలియవు. నేను నాకు తోచినట్టు చెప్పాను: ఒక పట్టీ ఉంటుంది, ఫలానా చోట ఇది తీసేసి అది పెట్టమంటుంది, అలాగే పెట్టాం, ఐనా పాడైపోయింది.

"అది గలత్‌నామా కదా!" అన్నారు వెంటనే.

పాత ఉర్దూ కితాబుల్లో చివరో మొదటో ఒక పట్టీ ఉంటుంది. సఫా, సతర్, గలత్, సహీహ్ అని నాలుగు వరుసలు. తెలుగు పుస్తకాల్లో తప్పొప్పుల పట్టిక లాంటిదే. అబ్బా చిన్నప్పుడు ఒక కితాబ్ గలత్‌నామా దొరికితే, కలం పట్టుకుని తన దగ్గరున్న కితాబ్ మొత్తం దిద్దేశారట. దిద్దాక చదివితే ఒక్క వాక్యం కుదరలేదు. ఆయన దగ్గరున్నది వేరే ఛాపా. ముందుమాటలో రెండు పేజీలు ఎక్కువున్నాయి. "గలత్‌నామా సహీహే బేటా. కితాబే వేరు. మీ దగ్గరున్నది ఏ నుస్ఖా, ముందు అది చూడండి."

నాకప్పుడు ఆపా కొడుకు ఒకసారి అన్న మాట గుర్తొచ్చింది: సీఆర్‌సీ చూశావా మామూ? ఫైల్‌లోని బైట్లన్నింటినీ ఒక లెక్కలో వేస్తే ఎనిమిది అక్షరాల గుర్తు వస్తుంది. ఒక్క బైట్ మారినా ఆ గుర్తు మారిపోతుంది. అది ఫైల్‌కి అంగూఠా నిషానీ. అసలు ఆటకు ఉండాల్సిన నిషానీ ఒకటి, మా ఫైల్ నిషానీ ఇంకొకటి. వాడు వచ్చి క్యాసెట్ డొక్క విప్పాడు. అసలు క్యాసెట్లో పేర్లు అచ్చైన చిప్పులుంటాయి. మాదాంట్లో నల్లటి తారు లాంటి బొట్టు ఉంది. చవక నకలు క్యాసెట్లకు అది పహచాన్.

మామూజాన్ ఎంతో మొహబ్బత్‌తో తెచ్చిన క్యాసెట్ నకలు. నకలు చేసేవాళ్ళు ఆటను ఉన్నదున్నట్టు ఎక్కించరు. కంపెనీ పేరు చెరిపేస్తారు, తమ చౌక బోర్డు మీద నడవడానికి లోపల కోడ్ మారుస్తారు. ఆ కొత్త కోడ్ ఎక్కడో ఒక ఖాళీ చోట పెట్టాలి. తరజుమా చేసినవాళ్ళకూ తమ మాటలు పెట్టుకోవడానికి ఖాళీ చోటే కావాలి. జపనీస్‌లో రెండక్షరాల్లో అయ్యేది ఇంగ్లీషులో ఆరక్షరాలవుతుంది కదా. ఇద్దరూ ఒకే ఖాళీ గదిలో సామాను దింపుంటారని ఆపా కొడుకు అంచనా. కాజస్ ఊళ్ళో మాటల గడి తెరిచినప్పుడల్లా ఆట ఆ గదిలోకి వెళ్ళి ఒకరి సామాను బదులు మరొకరిది ఎత్తుకొస్తోంది. నేను వారం రోజులు తిట్టింది బేగునా మనుషుల్ని. ఎవరో తెలియని వాళ్ళు, రూపాయి తీసుకోకుండా మేహనత్ చేసినవాళ్ళు.

ఈ తప్పు చాలామంది చేశారు కాబట్టే పాచ్‌ల పద్ధతి కూడా మారింది. 2008లో బ్యూ అనే పేరుతో రాసే ప్రోగ్రామర్ యూపీఎస్ అనే కొత్త రకం తెచ్చాడు. తర్వాత బీపీఎస్ తెచ్చాడు. వీటిలో అసలు ఫైల్ నిషానీ, మారాక ఉండాల్సిన నిషానీ రెండూ పాచ్‌లోనే రాసి ఉంటాయి. మన ఫైల్ వేరేదైతే వేయకముందే చెప్పేస్తుంది. ఐపీఎస్‌కి ఇంకో హద్దు కూడా ఉంది. మూడు బైట్లతో 16 మెగాబైట్ల దాకానే చోటు చెప్పగలదు. గేమ్‌బాయ్ అడ్వాన్స్ ఆటలు 32 మెగాబైట్ల దాకా ఉంటాయి. మదర్ 3 తరజుమా యూపీఎస్‌గా వచ్చింది అందుకే. కానీ 1990ల పాచ్‌లు ఇప్పటికీ ఐపీఎస్‌లోనే ఉన్నాయి. వాటితో మనమే జాగ్రత్తపడాలి.

మా అద్దంకిలో పుట్టినవాడికి ఇది ఇంత ఆలస్యంగా తెలియడం శరమే. మా ఊరి పేరు తెలుగు తారీఖ్‌లో నిలబెట్టింది పండరంగని శాసనం. తూర్పు చాళుక్య రాజు గుణగ విజయాదిత్యుని సేనాని ఆయన. 848 నాటిదని చెబుతారు, అందులో తరువోజ పద్యం ఉంది. బడిలో మాస్టారు చెప్పిన ఒక మాట అప్పుడు పట్టించుకోలేదు. శాసనాలు చదివే పండితులు అరిగిపోయిన అక్షరం ఏమై ఉంటుందో ఊహించినా, ఉలి పట్టుకుని రాతి మీద చెక్కరు. రాయిని రాయిగా వదిలేసి, తమ ఊహను కాగితం మీద కుండలీకరణాల్లో పెడతారు. రేపు ఇంకో ఆలిమ్ వచ్చి, ఆ ఊహ గలత్ అంటే కాగితం మారుతుంది, రాయి మారదు. పాచ్ చేసేవాళ్ళ రివాజు కూడా అదే. అసలు వేరు, దిద్దుబాటు వేరు. మేం రెండో రాత్రే ఆ తేడా చెరిపేసి, దిద్దినదాన్నే మళ్ళీ దిద్దాం. తాజా నకలు తీసి దాచకపోతే అంతటితో ఖతమ్ అయ్యేది.

అందుకే ఈ షౌక్ ఉన్న పిల్లలకు నేను చెప్పేది ఇంతే. మొదట అసలు ఫైల్‌ని నకలు తీసి పక్కన పెట్టండి, దాన్ని ముట్టుకోకండి. పాచ్‌తో వచ్చే చిన్న కాగితం పూర్తిగా చదవండి. ఏ దేశం ఆట, మొదటి ఛాపానా రెండోదా, తలకట్టు ఉండాలా వద్దా అన్నది అందులోనే ఉంటుంది. సైజు చూడండి, నిషానీ సరిపోల్చండి. కుదరకపోతే పాచ్‌ని కాదు, చేతిలో ఉన్న నుస్ఖాని అనుమానించండి. కొన్ని ఎమ్యులేటర్లలో ఆట పేరు, పాచ్ పేరు ఒకటే పెట్టి ఒకే చోట ఉంచితే ఆడేటప్పుడే పాచ్ పడుతుంది, అసలు ఫైల్ చెక్కుచెదరదు. దొరికితే అదే మంచిది.

మా అమ్మాయి అడిగింది, "ఇంగ్లీషెందుకు అబ్బూ, తెలుగులో చేయకూడదా?" అని. ఆ పాత మెషీన్‌లో అక్షరానికి ఎనిమిది చుక్కల పొడవు, ఎనిమిది చుక్కల వెడల్పు గడి. అందులో 'స్త్రీ' అని రాసి చూపించమన్నాను. గళ్ళ కాగితం మీద పెన్సిల్‌తో అరగంట కుస్తీపట్టింది. ఉర్దూలో రాయబోతే ఒకే హర్ఫ్ మొదట్లో ఒకలా, మధ్యలో ఒకలా, చివర ఒకలా. పైగా నడక కుడి నుంచి ఎడమకు. కాగితం ఇంకా పారేయలేదు, రెండేసి గళ్ళు కలిపి చూస్తానంటోంది.

రెండు నెలలకు భాయ్‌జాన్ తన పాత రూమ్మేట్ ద్వారా జపాన్‌లో వాడిన క్యాసెట్ ఒకటి కొని పంపించాడు. అసలుది. ఆపా కొడుకు చదివాడు. నిషానీలో ఎనిమిది అక్షరాలూ కుదిరాయి. పాచ్ వేయడానికి పట్టింది ఒక్క నిమిషం.

జుమ్మా రోజు ఆయనకు సెలవు. వీడియో కాల్ పెట్టి ఫోన్‌ని టీవీ ఎదురుగా నిలబెట్టాను. ఆయన చెప్పాడు, నేను నొక్కాను. కాజస్ చేరాం. నీడ మాట్లాడింది. ఆ ఊరిని ఒక జిన్ శాపం పట్టి అలా మార్చిందట. సరాయిలో సిడ్ అనే ముసలాయన ఉన్నాడు. చిన్నప్పుడు ఆయన్ని వందసార్లు పలకరించి ఉంటాం. ఊరికి పడమర ఎడారిలో తన గాలి ఓడ ఉంది, తీసుకుని వెళ్ళండి అంటున్నాడు.

అటువైపు చాలాసేపు ఖామోషీ. ఫోన్ కట్టయిందేమోనని చూశాను. భాయ్‌జాన్ చేతిలో ఆ పాత నోట్‌బుక్ ఉంది. ఎప్పుడు తీసుకెళ్ళాడో, రియాద్‌కి పట్టుకెళ్ళాడు.

"పడమర అన్నాడా?" అన్నాడు. "మనం అటు ఒక్కసారీ పోలేదు రే."